మృగయ: ర్యాలి వనం నుండి ఆపస్తంబ సూత్రం వరకు

గౌతమీ వసిష్ఠా శాఖల నడుమ, ఆత్రేయపురం సమీపంలో వెలసిన ర్యాలి క్షేత్రానికి ఆ నామం ఒక వేట కారణంగా వచ్చిందని స్థలపురాణం. 11వ శతాబ్దంలో విక్రమదేవుడనే రాజు మృగయార్థం ఈ వనానికి వచ్చి, అలసి ఒక వృక్షచ్ఛాయలో నిద్రించాడట. స్వప్నంలో శ్రీమహావిష్ణువు సాక్షాత్కరించి, తన మూర్తి భూగర్భంలో ఉన్నదని, కొయ్యరథాన్ని లాగించుకొనిపోగా దాని శీల రాలిన చోట త్రవ్వించమని ఆదేశించాడట. శీల రాలిన స్థలమే ర్యాలి. ముందు కేశవుడుగా, వెనుక మోహినిగా ఏకశిలలో దర్శనమిచ్చే జగన్మోహినీ కేశవస్వామిని సేవించే భక్తులకు ఇది చిరపరిచితమైన గాథ. అయితే ప్రచారంలో ఉన్న ఈ గాథ రాజు ఏ మృగాన్ని కొట్టాడో ప్రస్తావించదు. వేట సాగుతుండగా కాక, వేట ఆగిన తరువాతనే అతనికి భగవదాదేశం లభించింది.

రాజులు వేటను ఎట్లా సిద్ధపరచుకొనేవారో తెలుసుకొనడానికి కౌటిల్యుని అర్థశాస్త్రం కంటె మంచి ఆధారం లేదు. రాజు విహారానికై ప్రత్యేకించిన మృగవనానికి ఒకే ద్వారం ఉండాలి, చుట్టూ అగడ్త ఉండాలి. లోపల ముళ్ళులేని చెట్లు, లోతులేని జలాశయాలు, మచ్చికైన జింకలు, కోరలు గోళ్ళు తీసివేసిన క్రూరమృగాలు ఉండాలి. దీనిని వేట అనడం కంటె అభ్యాసశాల అనడం సముచితం. ఆ వనానికి ఆవల, సర్వమృగాలనూ అతిథులుగా చూచే మరొక వనాన్ని నెలకొల్పమని అదే ఆచార్యుడు విధించాడు. అభయం ప్రకటించిన వనాలలోని మృగాన్ని గాని పక్షిని గాని బంధించినా, వధించినా, హింసించినా ఉత్తమసాహస దండం. అంటే గడ్డిబీడులూ అడవులూ అందరివీ కదా అని ఎవడైనా విల్లు పట్టుకొని స్వేచ్ఛగా బయలుదేరే వ్యవస్థ ఆనాడు కూడా లేదు.

మృగయ గుణమా దోషమా అన్న విచారం అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో వస్తుంది. జూదం కంటె వేటయే ఘోరమైన వ్యసనమని పిశునుడనే ఆచార్యుని మతం. చోరులు, శత్రువులు, దావాగ్ని, దిగ్భ్రమ, క్షుత్పిపాసలు అన్నీ అందులో పొంచి ఉంటాయి, ప్రాణానికే ముప్పు. కౌటిల్యుడు దీనిని అంగీకరించడు. వేటలో వ్యాయామం ఉంది, కఫపిత్తాలూ మేదస్సూ తగ్గుతాయి, నిలిచిన లక్ష్యాన్నీ కదిలే లక్ష్యాన్నీ భేదించే నేర్పు వస్తుంది, కోపంలో భయంలో మృగాల చిత్తవృత్తి తెలుస్తుంది అని అతని సమాధానం. విలుకాడు నేటికీ చెప్పుకొనే ప్రయోజనాలన్నీ ఇవే. కాని మనువు కామజ వ్యసనాలు పదింటిని లెక్కిస్తూ మృగయనే మొదట పేర్కొన్నాడు. వాటిలో అతికష్టమైన నాలుగింటిని వేరుచేసినప్పుడు మాత్రం మద్యం, ద్యూతం, స్త్రీలు అన్న తరువాత దానిని చివర నిలిపి, ముందుదాని కంటె వెనుకది తేలిక అన్నాడు. తేలికైనదైనా వ్యసనమే. వేట క్షత్రియధర్మమని ఒక్క మాటలో తేల్చివేసేవారు ఈ భాగాన్ని చదివినట్లు తోచదు.

ధర్మసూక్ష్మం మహాభారతం ఆదిపర్వంలో మరింత స్పష్టం. మృగరూపంలో భార్యతో సంగమించి ఉన్న కిందమ మహర్షిని పాండురాజు ఐదు బాణాలతో కొట్టాడు. శాపభయంతో కాదు, న్యాయం తన పక్షాన ఉన్నదన్న ధైర్యంతోనే ఆ రాజు వాదించాడు: మృగవధ రాజులకు విహితం, అగస్త్యుడంతటివాడు సత్రయాగంలో మృగాలను వేటాడి దేవతలకు ప్రోక్షించాడు. ఋషి ప్రత్యుత్తరం ఆశ్చర్యకరం. మృగాన్ని చంపినందుకు నిందించనన్నాడు. ఏ ప్రాణికైనా హితమైన ఆ సమయం గడిచేవరకు నిరీక్షించకపోవడమే అతడు ఎత్తిచూపిన నేరం. విధి ఉన్నచోట కూడా దేశకాలాల మర్యాద తప్పితే అది అధర్మమేనన్నది ఇక్కడి తీర్పు. ఆ బాణాల ఫలమే పాండురాజు మరణం.

తెలుగునేల మీద ఈ విషయమై శిలాక్షరాలు కూడా ఉన్నాయి. కర్నూలు ప్రాంతంలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనాలు చెక్కి ఉన్నాయి. పూర్వరాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసేవారని, పట్టాభిషిక్తుడైన పదేండ్లకు తాను సంబోధిని దర్శించి ధర్మయాత్రలు ఆరంభించానని ఆ చక్రవర్తి ప్రకటన. రాజపాకశాలలో నిత్యం రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే వధింపబడుతున్నాయని, ఆ జింక వధ కూడా నియతం కాదని మరొకచోట ఉంది. దాచిపెట్టక లెక్క చెప్పడం ఆ శాసనపు గొప్పతనం.

కోనసీమ స్వరూపం 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట మారిపోయింది. రాజులు వేటాడిన వనాలు వరిచేలయ్యాయి, కొబ్బరితోటలయ్యాయి. కృష్ణజింక మాత్రం గోదావరి లంకల గడ్డిలో మిగిలింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని ప్రథమ షెడ్యూలులో చేర్చింది. విల్లుతోనైనా తుపాకితోనైనా దానిని వేటాడడం నేరం, అనుమతి లేక చర్మాన్ని దాచుకోవడమూ నేరమే. కృష్ణమృగం స్వభావసిద్ధంగా సంచరించే దేశమే యజ్ఞార్హమని మనువు అన్నందువల్ల, లంకలలో అది మేయుచున్నంతకాలం ఈ సీమ యజ్ఞియదేశమే.

ఇక్కడ వైదికులకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఉపనయనంలో వటువుకు అజినం ధరింపజేయాలి కదా, చట్టం అడ్డగిస్తే కర్మలోపం కాదా అని. కోనసీమలో అధికులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రమే దీనికి సమాధానం. బ్రాహ్మణునికి హరిణాజినం లేదా కృష్ణాజినం, క్షత్రియునికి రురుమృగపు చర్మం, వైశ్యునికి మేకచర్మం అని చెప్పి, వెంటనే గొఱ్ఱెచర్మం సర్వవర్ణాలకూ తగునని, కంబళమూ అట్లే తగునని ఆ ఋషి విధించాడు. ఆ కంబళం కొరకు ఏ మృగమూ చావనక్కరలేదు.