ఓరుగంటి పూటకూటి యింటి సాక్ష్యము

ఆజంజాహి బట్టల మిల్లు కట్టడములు కూలిపోయిన పిదప మన యూర నొక విచిత్రమైన చరిత్ర ప్రచారములోనికి వచ్చినది. మీర్ ఉస్మాన్ అలీఖాను 1934లో ఆ మిల్లును నెలకొల్పువరకు వరంగల్లు శిథిలమైన కోటయు, దాని చుట్టు పొలములును దప్ప మరేమియు గాదనియు, దీనిని పనిపాటల పట్టణముగా దిద్దినది నిజామే యనియు సభలలో వక్తలు నొక్కి చెప్పుచున్నారు. మిల్లు చేసిన మేలును నేను కాదనను. 1990లో అది మూతపడినపుడు మన పేటలలో ఎన్ని పొయ్యిలు చల్లారినవో ఎరుగనివారెవరు? అయినను దానికి ముందు ఊరే లేదనుట సాహసము.

ఈ మాటను ఖండింపబూనిన మనవారిలో కొందరు మార్కోపోలోను సాక్షిగా నిలిపి, సాలెగూటి వలె సన్నని వస్త్రములని అతడు పొగడినవి మన కొత్తవాడ మగ్గములపై నేసినవే యని వ్రాయుచున్నారు. అతడు వర్ణించినది మోటుపల్లి పేర తానెరిగిన రాజ్యమును. ఓరుగంటి పేరైన నెత్తలేదు. స్వస్థలాభిమానమునకును హద్దుండవలదా?

అంతకంటె గట్టి సాక్ష్యము క్రీడాభిరామమను తెలుగు కావ్యమున నున్నది. అందు మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులు తిరుగుచు లక్ష్మణవజ్ఝల పూటకూటి యింటిని తలచుకొందురు. కప్పురభోగి బియ్యపన్నము, గోధుమపిండి వంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు, ఇదంతయు నొక్క రూకకే. పురవర్ణనమునకు గూర్చున్న ప్రబంధకవి అగడ్తలను, మేడలను, మదగజములను వర్ణించునుగాని భోజనపు వెల చెప్పునా? వెల చెప్పి, ఇంటివాని పేరు చెప్పి, వడ్డించిన విస్తరిని గూడ చూపిన కవి, అంగళ్లును పరదేశులును గల నిజమైన నగరమునే మనసున నిడుకొని వ్రాసెననుటకు సందేహమేల? పైకము చెల్లించి తినువారు వచ్చిపోవనిచో ఊర పూటకూటియిల్లు నిలువదు.

గ్రంథకర్త వినుకొండ వల్లభరాయడు కాడు, శ్రీనాథుడే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ పండితుని యెడ గౌరవముతోనే చెప్పుచున్నాను, మన వాదమునకు కర్త యెవరైనను నష్టము లేదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన నూరేండ్లకు పుట్టిన కావ్యము సాక్ష్యమెట్లగునను ఆక్షేపణయే బరువైనది. అయితే దీనికి మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. కథలో కాకతీయ రాజు ప్రతాపరుద్రుని వేశ్య మాచల్దేవి సజీవముగ దర్శనమిచ్చుచున్నది. మూలము నేడు దొరకకపోవుటచే ఏ పద్యము ఎవరిదో తేల్చలేముగాని, మూలకాలము, కావ్యకాలము అను రెంటిలో దేనిదైనను, ఆ రూక మిల్లుకంటె ఐదువందల యేండ్లు పెద్దది.

నడిమి కాలము మాత్రము శూన్యమా? 1851లో లండను మహాప్రదర్శనమున మన తివాచీలు నిలిచినవి. అప్పటికి మిల్లు లేదు, దానికి పేరిచ్చిన రాజకుమారుడును లేడు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కినది ఆ చేతిపనికే గాని యంత్రమునకు గాదు.

కావున మిల్లు స్థలమున స్మారకఫలకము వేయింపదలచిన పెద్దలు 1934తో మొదలుపెట్టక, దానికి పైన కొత్తవాడ నేతగాండ్రను, పూటకూటి యింటిని పేర్కొను రెండు పంక్తులైన చెక్కింపవలసినదని నా మనవి.