నిప్పు తగలని భోజనం : ఒలీవకాయ, రాజమండ్రి గోధుమలు

జీవరాశిలో ఆహారాన్ని నిప్పుమీద వండుకొని తినేది మానవుడొక్కడే. ఆవు పచ్చిగడ్డి మేస్తుంది. చిలుక జామపండును చెట్టుమీదనే కొరుకుతుంది. వాటికి పొయ్యి లేదు, కుండ లేదు. ఐనా అవి ఆరోగ్యంగానే ఉన్నవి గదా, మనకు మాత్రం ఈ పొయ్యి ఎందుకు? ఈ ప్రశ్న వేసినవారు లోకంలో అనేకులు. మాంసంతో పాటు పాలు, పెరుగు, తేనె కూడ విడిచి, నిప్పు తగలని పదార్థాలను మాత్రమే తినేవారు నేడు ఐరోపా, అమెరికాలలోను, మన నగరాలలోను ఉన్నారు. జంతు సంబంధమైనదేదీ ముట్టని ఆహారపద్ధతికి వీగన్ అనే పేరు 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పెట్టారు.

అటువంటివారిలో పాశ్చాత్యుల పళ్లెంలో తరచు కనిపించేది ఒలీవకాయ. అది వారికి నూనెనిచ్చే పండు, శక్తినిచ్చే పండు. ఐతే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చెట్టునుంచి కోసిన ఒలీవను ఎవరూ తినలేరు. మరి తినగలిగిన ఒలీవను పచ్చిది అనవచ్చునా? ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది: పచ్చితిండితోనే మనిషి బతకగలడా? ఆ పెద్ద ప్రశ్నను మన తెలుగునాట 1929లో ఒక మహాపురుషుడు తన శరీరంమీదనే పరీక్షించి చూశాడు. రెండు కథలనూ కలిపి చూస్తేనే విషయం స్పష్టమవుతుంది.

ఒలీవ చేదు

ఒలీవ మధ్యధరా సముద్రతీరపు చెట్టు. దాదాపు ఆరువేల ఏండ్లుగా మానవుడు దానిని పెంచుతున్నాడు. బీబీపేటలో గాని, కామారెడ్డిలో గాని పెరటిలో ఒలీవచెట్టు కనిపించదు. ఐనా ఆ కుటుంబం మనకు కొత్తది కాదు. మల్లె, జాజి, పారిజాతం ఒలీవ కుటుంబానికి చెందినవే. ఒలీవ అనే మాట బైబిలు అనువాదాల ద్వారా తెలుగువారికి పరిచితమైంది. హైదరాబాదు ప్రాంతంలో ఉర్దూ మాట్లాడేవారు దానినే జైతూన్ అంటారు.

ఒలీవకాయలో ఓలూరోపీన్ అనే చేదు పదార్థం ఉన్నది. దీనిని 1908లో ఫ్రాన్సులో బూర్కలో, వింటిలెస్కో అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. పురుగులనుంచి, బూజునుంచి కాయను కాపాడటానికి చెట్టు ఏర్పరచుకొన్న కవచం ఇది. ఈ చేదును పోగొట్టితే తప్ప కాయ నోట పెట్టరాదు. రసాయనశాస్త్రం పుట్టకముందే ఆ ఉపాయం రైతులకు తెలుసు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో రోమను గ్రంథకర్త కేటో, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో కాలుమెల్లా ఒలీవను ఉప్పులోను, పులుపులోను ఊరవేసే విధానాలను వ్రాసి ఉంచారు.

నేడు మూడు పద్ధతులు ప్రధానంగా ఉన్నవి. మొదటిది ఉప్పునీటి పద్ధతి. కాయలను ఉప్పునీటిలో నెలల తరబడి ఉంచుతారు. చేదు మెల్లగా నీటిలోకి దిగుతుంది. సూక్ష్మజీవులు పెరిగి ఆమ్లం పుట్టిస్తవి. రెండవది స్పెయిను పద్ధతి. ఇందులో కాయలను ముందు కొన్ని గంటలపాటు పలుచని కాస్టిక్ సోడా ద్రావణంలో నానవేస్తారు. ఆ క్షారం ఓలూరోపీన్‌ను విడగొడుతుంది. తరువాత బాగా కడిగి ఉప్పునీటిలో పులియబెడతారు. మూడవది కాలిఫోర్నియా నల్ల ఒలీవ. క్షారంలో నానిన కాయకు గాలి తగిలించి నల్లబరచి, ఇనుప లవణంతో ఆ రంగును నిలిపి, డబ్బాలో మూసి, నీరు మరిగే వేడిని మించిన వేడిలో ఉంచుతారు.

పచ్చితిండివారి నియమం ప్రకారం ఆహారానికి సుమారు 48 డిగ్రీల సెంటిగ్రేడును మించిన వేడి తగలరాదు. కాబట్టి డబ్బాలోని నల్ల ఒలీవ వారికి పనికిరాదు. వేడిచేసి మూతవేసిన సీసాలోనిదీ పనికిరాదు. ఉప్పులోనో, ఉప్పునీటిలోనో ఊరి, వేడి తగలనిది మాత్రమే మిగులుతుంది. దానికి నిప్పు తగలలేదన్నది నిజమే. కాని ప్రకృతి ఇచ్చినది ఇచ్చినట్లు ఉన్నదనుకోవటం పొరపాటు. మన చింతకాయ తొక్కును తలచుకోండి. పచ్చి చింతకాయలను ఉప్పు, పసుపులతో దంచి జాడీకెత్తుతారు. పొయ్యి లేదు, ఐనా వంట ఉన్నది. ఉప్పులో వేసిన ఉసిరికాయ కూడ అంతే. నిప్పు చేసే పనిలో కొంత భాగాన్ని ఇక్కడ ఉప్పు, కాలం, సూక్ష్మజీవులు చేస్తున్నవి.

రాజమండ్రిలో ఒక పందెం

పచ్చితిండి వాదం మన దేశానికి ప్రకృతి చికిత్సతో పాటు వచ్చింది. జర్మనీలో లైప్‌జిగ్ నగరవాసి లూయీ కూనే తొట్టిస్నానాలు, మితాహారం ఆధారంగా ఒక చికిత్సావిధానం ప్రచారం చేశాడు. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వేంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు దానికి పదేండ్ల తరువాతవి. ఈ విషయంలో తెలుగువారు ముందే నడిచారన్నమాట.

1929 ఏప్రిల్, మే నెలలలో గాంధీజీ ఖద్దరు నిధికోసం ఆంధ్రదేశంలో పర్యటించారు. ఆయనకు ఆహారపరీక్షలు కొత్తవి కావు. 1893లోనే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో నానవేసిన గోధుమలు, బఠాణీలు తిని చూసి, కొద్ది దినాలకే బలహీనపడి మానుకొన్నారు. 1912నుంచి పాలు విడిచి, 1919నుంచి ఆరోగ్యంకోసం మేకపాలు తీసుకొంటూ, పాలకు బదులు మరేదైనా దొరకునా అని వెదకుతూ ఉండేవారు. అటువంటి సమయంలో రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు ఆయనను కలిశారు. తొట్టిస్నానాలు మంచివే కాని అవీ కృత్రిమమే. రోగం పోవాలంటే వంటలో నిప్పునే తొలగించాలి అని గోపాలరావు వాదించారు. మొలకెత్తిన గింజలతో వృద్ధుల అజీర్తి రోగాలు నయం చేశానని కూడ చెప్పారు. క్రమక్రమంగా మారనక్కరలేదా అని గాంధీజీ అడిగితే, అక్కరలేదన్నారు. నేను ఆంధ్రలోనే కన్నుమూస్తే జనం నాతోపాటు మిమ్మల్ని కూడ దహనం చేస్తారు సుమా అని గాంధీజీ పరిహాసమాడగా, గోపాలరావు ఆ పూచీ తనదేనన్నారు.

నానిన గోధుమలు వచ్చినవి. అవి ఎవరికోసమో తెలియక కస్తూరిబా వాటిని వాలంటీర్లకు పంచిపెట్టారు. అందుచేత ప్రయోగం ఒకరోజు ఆలస్యమై మే 9న ప్రారంభమైంది. అప్పటికి గాంధీజీ వయస్సు 59 ఏండ్లు. నెల గడిచిన తరువాత, జూన్ 13 నాటి యంగ్ ఇండియాలో, తాను తినేది తులాలతో సహా ప్రకటించారు: మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులాలు, బాదం ముద్ద ఎనిమిది తులాలు, నూరిన ఆకుకూర ఎనిమిది తులాలు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. వారంలో రెండు మూడు సార్లు గోధుమలకు బదులు మొలక శనగలు, బాదానికి బదులు కొబ్బరిపాలు. బరువు ఐదు పౌనులకు పైగా తగ్గినా సత్తువ తగ్గలేదని ఆయన వ్రాశారు. ఆశ్రమవాసులు కొందరు ఆయనతోపాటు ఈ ప్రయోగంలో చేరారు. కాని ఆగస్టులో సబర్మతిలో గాంధీజీకి జిగట విరేచనాలు పట్టుకొన్నవి. ప్రయోగం ఆపి మళ్లీ మేకపాలకు రావలసివచ్చింది. ఆ సంగతిని కూడ ఆయన దాచకుండా పత్రికలో ప్రకటించారు.

ఎనిమిది తులాల లెక్క

తులం అంటే సుమారు 11.66 గ్రాములు, ఎనిమిది తులాలు 93 గ్రాములు. పై జాబితాను నేటి పోషక పట్టికలతో లెక్కవేస్తే రోజుకు రమారమి వెయ్యి కేలరీలు వస్తవి. అంత శ్రమించే మనిషికి ఇది చాల తక్కువ. బరువు ఎందుకు తగ్గిందో ఈ లెక్కే చెబుతున్నది. ఆ వెయ్యిలో సుమారు సగం, అనగా 540 కేలరీలు, బాదం ఒక్కటే ఇచ్చింది. నిప్పులేని భోజనంలో ఆకులు, కాయలు ఎన్ని తిన్నా కడుపు నిండుతుందేగాని శక్తి చాలదు. కొవ్వు ఉన్న పదార్థం తప్పనిసరి. తెలుగునాట అది కొబ్బరి, వేరుశనగ, గాంధీజీకి బాదం, మధ్యధరా ప్రాంతంవారికి ఒలీవ.

మరి బాదం స్థానంలో ఒలీవను పెట్టవచ్చునా? ఊరవేసిన పచ్చరంగు ఒలీవ 100 గ్రాములలో సుమారు 145 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల సోడియం ఉంటవి. 540 కేలరీలు రావాలంటే 370 గ్రాముల ఒలీవలు తినాలి. వాటిలోని సోడియాన్ని ఉప్పుగా లెక్కిస్తే 14 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములకు లోపు. ఒక్కరోజులో మూడు రోజుల ఉప్పు తిన్నట్లే! కాబట్టి ఒలీవ నంజుకొనటానికి మంచిది, ముద్దకు పనికిరాదు. ఇటీవలి దశాబ్దాలలో మన రాష్ట్రాలలో మొలకలను, పండ్లను ప్రచారం చేసిన మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె రెండూ వద్దంటారు. ఆ నియమంలో ఉప్పులో ఊరిన ఒలీవకు చోటే లేదు.

గోపాలరావు చెప్పినదాంట్లో నిజమెంత?

మొలకల విషయంలో నిజమున్నది. ఎండు గింజలో సి విటమిను దాదాపు లేదు. నానవేసి మొలకెత్తిస్తే పుడుతుంది. ఈ సంగతిని 1919లో ఇంగ్లండులో హేరియట్ చిక్, డెల్ఫ్ ప్రయోగపూర్వకంగా చూపారు. వండితే ఈ విటమిను చాలవరకు నశిస్తుంది. కాబట్టి మొలకలు, పండ్లు పచ్చిగా తినటం మేలు.

పచ్చి పిండిపదార్థం వండినదానికన్న తేలికగా జీర్ణమవుతుందనే వాదం మాత్రం నిలవలేదు. పచ్చి బియ్యంలోను, గోధుమలోను పిండి గట్టి రేణువులుగా ఉంటుంది. నీటితో వేడిచేసినప్పుడు ఆ రేణువులు ఉబ్బి విచ్చుకొంటవి. అప్పుడే జీర్ణరసం లోపలికి చొరబడుతుంది. మొలకెత్తటంవల్ల ఈ పని కొంతవరకే జరుగుతుంది.

కొన్ని గింజలకు నిప్పు తప్పనిసరి. మన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలలో పండే సోయాచిక్కుడు ఇందుకు ఉదాహరణ. 1917లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ పచ్చి సోయా పెట్టిన ఎలుకలు సరిగా పెరగలేదనీ, ఉడికించిన సోయా పెట్టినవి పెరిగినవనీ గమనించారు. మాంసకృత్తులను అరగనీయకుండా అడ్డుపడే పదార్థం పచ్చి సోయాలో ఉన్నదని తరువాత తేలింది; 1945లో కూనిట్జ్ దానిని స్ఫటికరూపంలో వేరుచేశాడు. ఒలీవకు చేదు ఎలాగో సోయాకు ఇది అలాగు. గింజ తన్ను తాను కాపాడుకొంటున్నది. ఒకదానికి ఉప్పు విరుగుడు, రెండవదానికి నిప్పు విరుగుడు.

రెండు విటమినులు

1929 నాటికి ఎవరికీ తెలియని సంగతి మరొకటి ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తుండగా, ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇది ఆకుకూరలలో సమృద్ధిగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే చాలభాగం పోతుంది. ఇది పచ్చితిండివారికి అనుకూలమైన సాక్ష్యం.

సుబ్బారావు కన్నుమూసిన 1948లోనే బి12 విటమిను వెలుగులోకి వచ్చింది. ఇది సూక్ష్మజీవులు తయారుచేసేది. పాలు, గుడ్లు, మాంసం ద్వారా మనకు చేరుతుంది. ఆకులో లేదు, మొలకలో లేదు, బాదంలో లేదు, ఒలీవలో లేదు. ఇది లోపిస్తే రక్తం క్షీణిస్తుంది, నరాలు దెబ్బతింటవి. ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంటే రక్తహీనత పైకి కనిపించకుండా ఉండవచ్చును. నరాల నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. పైగా కాలేయంలోని నిలవ కొన్ని ఏండ్లపాటు వస్తుంది. అందుచేత మూడు నెలల ప్రయోగంలో ఈ లోపం బయటపడే అవకాశమే లేదు. బాగున్నాననుకొనటం వేరు, బాగుండటం వేరు. పాలు సైతం విడిచినవారు బి12ను మాత్రలరూపంలోగాని, దానిని కలిపిన ఆహారంలోగాని తీసుకోక తప్పదు. పెరిగే పిల్లల విషయంలో, గర్భిణుల విషయంలో దీనిని ఉపేక్షించటం ప్రమాదకరం.

1918లో కూనూరులో మెకారిసన్ ఆరంభించిన పరిశోధనశాఖ పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969నుంచి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైంది. ఒకనాడు గాంధీజీ ఒక్క శరీరంమీద వేసిన ప్రశ్నకు ఇటువంటి సంస్థలు వేలాది మందిని పరిశీలించి, తగిన పోలికలతో జవాబు చెప్పగలుగుతున్నవి.

బడిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చును. రెండు పరీక్షనాళికలు తీసుకోండి. ఒకదానిలో పచ్చి బియ్యప్పిండి కలిపిన నీరు, రెండవదానిలో అదే పరిమాణంలో పిండి ఉడికించి చల్లార్చిన గంజి పోయండి. రెంటిలోను కొంచెం లాలాజలం కలిపి, గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు ఉంచండి. తరువాత ఒక్కొక్క చుక్క అయొడిన్ వేయండి. పచ్చిపిండి నీలినలుపుగా మారుతుంది. గంజిలో ఆ రంగు బాగా తగ్గుతుంది, లేదా ఎర్రబారుతుంది. పొయ్యి చేసే మేలు విద్యార్థుల కంటికి కనిపిస్తుంది. పక్కనే తడిగుడ్డలో పెసలు మొలకెత్తించి, పచ్చిగా తినదగినదేదో కూడ చూపవచ్చును. మొలకలను, ఆకులను మంచినీటితో శుభ్రంగా కడగటం మరువరాదు. నిప్పు చంపే క్రిములను చన్నీరు చంపదు.

పచ్చిది మంచిది, వండినది చెడ్డది అనే విభజన ప్రకృతిలో లేదు. జామపండు పచ్చిగా మంచిది, సోయా ఉడికితేనే మంచిది, ఒలీవ ఊరితేనే మంచిది. ఏ గింజలో, ఏ కాయలో ఏమున్నదో తెలుసుకొని దానికి తగిన మార్గం ఎన్నుకొనటమే వంట.