స్త్రీ / పురుషుడు: ఒక కాలమ్ చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరారు. భట్టిప్రోలు స్తూపం గురించి, కృష్ణా కాలువల గురించి నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఫారాలు నింపి, నింపించి, లోపాలుంటే తిప్పి పంపిన గుమాస్తాను. అందుచేత ఫారంలోని ఒక్క కాలమ్ చరిత్ర రాస్తాను. పేరు, తండ్రి పేరు, వయస్సు అయ్యాక వచ్చే కాలమ్ అది: స్త్రీ / పురుషుడు. వర్తించనిది కొట్టివేయవలెను.

పుట్టిన తేదీ కాలమ్ మీద ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవారిని మనం చూశాం. కులం కాలమ్ మీద జరిగిన విచారణలకు లెక్కే లేదు. ఈ కాలమ్ మీద మాత్రం మన సర్వీసు కాలంలో ఎవరూ పేచీ పెట్టలేదు. ఇప్పుడు దీని మీదే లండన్ నుంచి అమరావతి దాకా న్యాయస్థానాలు తీర్పులు ఇస్తున్నాయి. టీవీలో ఆ చర్చ వస్తే మన ఇళ్ళలో ఒకరు “కలికాలం” అంటారు, మనవడో మనవరాలో “మీకు తెలియదులే తాతయ్యా” అంటారు. ఇద్దరూ దీన్ని నిన్న మొన్న పుట్టిన విషయమనుకుంటున్నారు. అది నిజం కాదు.

వానలు పడకపోతే మన ఊళ్ళలో విరాటపర్వం చదివించేవారు గదా. బృహన్నల కథ తెలియనివారు మనలో ఉండరు. అయితే ఒక చిన్న ముక్క చాలామంది గమనించి ఉండరు. బృహన్నలను కన్యాంతఃపురంలోకి నాట్యం నేర్పడానికి పంపేముందు విరాటరాజు స్త్రీల చేత పరీక్ష చేయించి, నిర్ధారణ అయిన పిమ్మటే లోపలికి పంపాడని వ్యాసభారతంలో ఉంది. స్త్రీల చోటులోకి ఎవరిని రానివ్వాలి, అది ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న అంత పాతది.

ఇక మన దగ్గరికి వద్దాం. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారి పేరు ఈ తరానికి చెప్పి తెలపవలసి వస్తున్నది. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆయన సత్యభామ, చిత్రాంగి, రోషనార. సత్యభామగా ఆయన నడక చూసి ఆడవాళ్ళే తమ నడక దిద్దుకున్నారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషానికి అంతటి పేరు తెచ్చుకున్నారు, ఆయనకూ 1970లో పద్మశ్రీ వచ్చింది. (మన వేమూరు తెలుగు నాటకానికి, సినిమాకు ఇచ్చింది వేమూరి గగ్గయ్యగారిని. యముడుగా, కంసుడుగా హడలగొట్టిన ఆయనకు ఈ వ్యాసంతో పనిలేదు, ఊరి అభిమానం కొద్దీ ప్రస్తావించాను.)

వేషం వేరు, మనిషి వేరు. వీరంతా పురుషులే, రంగు కడిగేసుకుని పంచె కట్టుకుని ఇంటికి వెళ్ళినవారే. నేను వీరిని తలచింది మరొకందుకు. ఆ నాటకాలలో స్త్రీ పాత్రలు ఉన్నాయి గాని చాలా సమాజాలలో స్త్రీలకు చోటు లేదు. సురభివారిని మినహాయిస్తే, సంసారపక్షపు ఆడది రంగస్థలం ఎక్కడం తప్పుగా చూసిన కాలమది. స్త్రీ ఎలా నవ్వాలో, ఎలా అలగాలో పురుషుడు ఆడి చూపిస్తుంటే స్త్రీలు కింద చాపల మీద కూర్చుని చూశారు. “మా చోటు మళ్ళీ ఇంకొకరికి పోతుందా?” అని ఈనాడు కొందరు స్త్రీలు భయపడితే, దాని వెనుక ఇంత చరిత్ర ఉందని మరచిపోరాదు.

రంగస్థలం మీద చీర కట్టిన పురుషుడికి పతకాలు ఇచ్చిన ఆ కాలంలోనే, వీధిలో చీర కట్టినవారికి జైలు సిద్ధంగా ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంగతి స్టూవర్టుపురం పక్కన పుట్టిన మనకు బాగా తెలుసు. అయితే ఆ చట్టానికి రెండవ భాగం ఒకటి ఉండేదని, అది హిజ్రాల మీద పెట్టినదని చాలామందికి తెలియదు. అది ఉత్తరాది రాష్ట్రాల కోసం తెచ్చినది. రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా వీలునామా రాయరాదు, దానం చేయరాదు, దత్తత తీసుకోరాదు, మైనరుకు సంరక్షకుడుగా ఉండరాదు. ఆ భాగాన్ని బ్రిటిషువారే 1911లో తీసివేశారు.

వారు తీసివేసిన ఎనిమిదేళ్ళకు నిజాం సంస్థానం అటువంటి చట్టాన్నే కొత్తగా చేసుకున్నది. దాని సంవత్సరం 1329 ఫసలీ. జమాబందీ లెక్కలు చూసిన మనవారికి చెప్పనక్కరలేదు, 590 కలిపితే 1919. హైదరాబాదులోను, ఇతరత్రాను ఉన్న హిజ్రాలలో పిల్లలను ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలతో రిజిస్టరు పెట్టాలి. ఆ రిజిస్టరులోనివారు ఆడ దుస్తులతో, నగలతో వీధిలో గాని, వీధికి కనబడేలా గాని తిరిగితే, బహిరంగంగా ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. గమనించండి: నేరం చేసినవారిని శిక్షించడానికి ఎత్తుకుపోయిన నేరానికి వేరే సెక్షన్లు ఉండనే ఉన్నాయి. ఈ చట్టం కట్టిన బట్టనే నేరంగా రాసుకున్నది.

ఆశ్చర్యమేమిటంటే ఆ కాగితం చావలేదు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ విడిపోయింది. చట్టం పేరులో రాష్ట్రం మారుతూ వచ్చింది, లోపలి మాట మారలేదు. పాత ఫైలు మీద కొత్త అట్ట వేసినట్టు. 2018లో వైజయంతి వసంత మొగిలిగారు, మరికొందరు హైకోర్టుకు వెళ్ళారు. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కరరెడ్డిగార్ల ధర్మాసనం ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నూట నాలుగేళ్ళు బతికింది. మనలో ఎవరికైనా అంత ఆయుష్షు ఉంటే పెన్షన్ ఖర్చు భరించలేమని ఆర్థికశాఖవారు గోలపెట్టి ఉండేవారు.

ఈ మధ్యలో కాలమ్ కూడా మారింది. 2011 జనాభా లెక్కల ఫారంలో పురుషుడికి 1, స్త్రీకి 2, ఇతరులకు 3 అని కోడ్ ఇచ్చారు. దేశంలో 4 లక్షల 87 వేల మందికి పైగా మూడవ కోడ్ కింద వచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఎన్యూమరేటరు అడిగినప్పుడు ఇంటి పెద్ద చెప్పిన జవాబే ఫారంలోకి ఎక్కుతుంది. ఎన్ని ఇళ్ళలో పెద్దలు నోరు మెదపక 1 వేయించారో ఊహించుకోవలసిందే.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో, పురుషుడా, స్త్రీయా, మూడవ లింగమా అన్నది ఆ మనిషే చెప్పుకోవచ్చునని, అందుకు శస్త్రచికిత్స షరతు పెట్టరాదని తీర్పు చెప్పింది. వారిని వెనుకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్ ఇవ్వమన్నది. తరువాత పార్లమెంటు చట్టం 2019లో వచ్చింది. దాని ముసాయిదాలో మొదట డాక్టరుతో కూడిన పరిశీలన సంఘం ఉండేది. బృహన్నల పరీక్ష మళ్ళీ వచ్చిందన్నమాట. వారు గట్టిగా అభ్యంతరం చెప్పగా దానిని తీసివేసి, జిల్లా మేజిస్ట్రేటుకు అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టుకుంటే గుర్తింపు పత్రం ఇవ్వాలని ఆ చట్టంలోను, 2020 నిబంధనలలోను రాశారు. మన రాష్ట్ర మంత్రివర్గం 2017 డిసెంబరులో, పద్దెనిమిదేళ్ళు నిండిన ట్రాన్స్‌జెండర్లకు నెలవారీ పెన్షన్ ఆమోదించింది. 2024 జూలైలో సామాజిక పెన్షన్లను రూ.4,000 చేసినప్పుడు వృద్ధులు, వితంతువులు, చేనేతవారితో పాటు వీరికీ అంతే ఇచ్చారు. ఒకటో తారీఖు విలువ తెలిసినవారం గనుక, ఏ తీర్పుకన్నా ఇది వారి ఇంటి గుమ్మం దాకా వచ్చిన హక్కు అని నేననుకుంటాను.

ఇప్పుడు పేచీ ఎక్కడుందో చూద్దాం. స్త్రీ అన్న కాలమ్‌లో టిక్కు పెట్టడం వల్ల కొన్ని హక్కులు వస్తాయి. ఆ హక్కులు ఎవరూ ఊరికే ఇచ్చినవి కావు. 1984లో సర్వీసు నిబంధనలలో 22-ఎ చేర్చి ఉద్యోగ నియామకాల్లో మహిళలకు 30 శాతం ఇచ్చినప్పుడు ఆఫీసుల్లో ఎంత గొణుగుడు పుట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. దానిమీద కేసు పడింది, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. విజయకుమార్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు నిబంధన చెల్లుతుందని చెప్పింది, తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. తరువాత అది మూడింట ఒక వంతు అయింది. రోస్టరు రిజిస్టరులో మొదటి పాయింటు ఓ.సి. మహిళ, రెండవది ఎస్.సి. మహిళ అని ఎర్రసిరాతో గీసుకున్న చేతులు మనవే. ఆ పాయింట్ల మీదుగానే మన కూతుళ్ళు, కోడళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చారు.

2018లో మన రాష్ట్రంలో సబ్ ఇన్‌స్పెక్టర్ల నియామకానికి ప్రకటన ఇచ్చినప్పుడు దరఖాస్తులో రెండే కాలమ్‌లు. ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి ఒకరు వేరే దారిలేక స్త్రీ కాలమ్‌లో టిక్కు పెట్టారు, ఎంపిక కాక హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో ఆ పిటిషన్ కొట్టివేశారు. ఆ ఒక్క ఫారం చాలు, ఇరుపక్షాల బాధ అర్థం కావడానికి. స్త్రీల కోటాలో కూర్చోబెడితే స్త్రీలకు అభ్యంతరం, మూడవ కాలమ్ లేకపోతే వీరికి ఎక్కడా చోటు లేదు. కర్ణాటక 2021లో అన్ని వర్గాలలోను వీరికి ఒక శాతం విడిగా కేటాయించింది. నా మట్టుకు అదే సరైన పద్ధతి. ఉన్న రోస్టరు పాయింటు మీద ఇద్దరిని కొట్లాటకు దింపడం కన్నా ఇంకొక పాయింటు గీయడం తేలిక. గీతలు గీయడం మన ఆఫీసులకు తెలియని విద్యా?

2025 సంవత్సరం ఈ విషయంలో రెండు తీర్పులు చూసింది. ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు, అక్కడి 2010 సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని ఏకగ్రీవంగా తేల్చింది. ట్రాన్స్‌జెండర్లకు వివక్ష నుంచి రక్షణ అదే చట్టంలో వేరుగా ఉందని కూడా చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, మన హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాపగారు మరొక మాట చెప్పారు. ఒంగోలు మహిళా పోలీసు స్టేషన్‌లో నమోదైన కేసు అది. పుట్టుకతో పురుషుడు, స్త్రీగా మారినవారు, 2019లో పెళ్ళయింది. భర్త వదిలివేశాడని, కట్నం వేధింపులని ఫిర్యాదు. 498-ఎ సెక్షన్ 1983లో స్త్రీల కోసం వచ్చినది, పిల్లలను కనలేని ఈమె స్త్రీ కాదు, కాబట్టి అది వర్తించదని భర్త తరఫువారి వాదన. పిల్లలను కనడాన్ని బట్టి స్త్రీత్వాన్ని నిర్ణయించడం రాజ్యాంగానికి విరుద్ధమని, ఆమెకు 498-ఎ కింద ఫిర్యాదు చేసే హక్కుందని న్యాయమూర్తి అన్నారు.

ఆ వాదన ఎంత దూరం పోతుందో ఆలోచించండి. మన సభ్యుల ఇళ్ళలో సంతానం లేని ఇల్లాళ్ళు ఎందరు లేరు? గొడ్రాలన్న మాట పడి, నోములు నోచి, చివరికి అక్కచెల్లెళ్ళ పిల్లలను పెంచుకున్నవారు. ఆ వాదనే నిలిస్తే వారూ స్త్రీలు కాకుండా పోతారు. ఆ ఒక్క మాటను కోర్టు తోసిపుచ్చడం ఆడవారందరికీ మేలు. ఇంతకూ కేసు ఏమైంది? ఆరోపణలకు తగిన వివరాలు, ఆధారాలు లేవని భర్త మీద, అత్తమామల మీద కేసు కొట్టివేశారు. ఆమె స్త్రీనని అనిపించుకున్నది గాని ఆ కేసులో ఆమెకు దక్కినది అంతే.

లండన్ తీర్పుకు, మన తీర్పుకు పొత్తు కుదరదని కొందరు వాదిస్తున్నారు. నాకు అంత వైరుధ్యం కనిపించలేదు. అక్కడ అడిగింది ప్రభుత్వ సంస్థల బోర్డుల్లో స్త్రీల సంఖ్య లెక్కించడం గురించి మొదలైన ప్రశ్న, ఇక్కడ అడిగింది దెబ్బ తగిలినవారికి తలుపు తెరవడం గురించి. సీట్లు లెక్కపెట్టే చోట ఒక నిబంధన, రక్షణ ఇచ్చే చోట మరొకటి ఉండటం మన సర్వీసు రూల్సులో కొత్త కాదు.

మనకు సంబంధించిన ఒక చిక్కు మాత్రం చెప్పాలి. కుటుంబ పెన్షన్ నిబంధనల్లో కొడుక్కి ఒక షరతు, కూతురికి మరొక షరతు. కొడుకుగా సర్వీసు రిజిస్టరులో ఎక్కించిన బిడ్డ పెద్దయ్యాక గుర్తింపు పత్రం తెచ్చుకుని కూతురైతే, ఆ దరఖాస్తును ఏ షరతు కింద పరిశీలిస్తారు? ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళు మన సంఘంలో లేవని ఎవరూ అనుకోవద్దు, చెప్పుకోని ఇళ్ళు ఉంటాయి. మన సంఘం తరఫున ఖజానా శాఖకు ఈ ప్రశ్న లిఖితపూర్వకంగా పంపమని రాబోయే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తాను. ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది, బలపరచేవారు ఒకరు కావాలి.