పేరు లేని చిత్రానికి విలువ లేదా?

మా తాతగారి సందూకులో ఒక పాత చిత్రం దొరికింది. గీసినవాని పేరు లేదు. "పేరే లేనిదానికి విలువేముంది, కబాడీకి వేసేద్దాం" అన్నారు పిల్లలు. మేము ఆపినాము.

దక్కను చిత్రాలు చాలావాటిపై సంతకం ఉండదు. 17వ శతాబ్ది తొలినాళ్లలో బీజాపూరులో గీసిన 'మైనాతో యోగిని' నేడు డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉన్నది. గీసినవాని పేరు తెలియక పండితులు ఆయనను 'డబ్లిన్ చిత్రకారుడు' అంటున్నారు. పేరు లేనంత మాత్రాన దాని గౌరవం తగ్గలేదు.

వెల కట్టేవారు కాగితం, రంగులు, గీత, తలపాగా కట్టు, అంచు, వెనుక రాత, ముద్ర అన్నీ చూస్తారు. పేరంటారా, తర్వాత ఎవరైనా రాయవచ్చును. అన్నిటికన్న ముందు అడిగేది, ఇది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చినదని. అక్కడే మేము తల దించుకున్నాము. తాతగారు ఉండగా ఒక్కనాడూ అడగలేదు.

1972 నాటి చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన చిత్రం పురావస్తువు. దాన్ని మనంతట మనం విదేశాలకు పంపరాదు.

సోదర సోదరీమణులారా, మీ ఇంట అటువంటి చిత్రముంటే తడిగుడ్డతో తుడవకండి. పెద్దలుంటే ఈ రాత్రే అడిగి, విన్నది రాసి పెట్టండి. వెల రేపైనా కట్టించవచ్చును.