హాల్‌స్టాట్: ఉప్పు కొండ క్రింది ఊరు

నా తెలుగు సాయంత్రపు బడిలో నేర్చుకొన్నది. తప్పులుంటే మన్నించగలరు.

ఆస్ట్రియా దేశంలో హాల్‌స్టాట్ అనే చిన్న ఊరు చూచి వచ్చాను. వెనుక నిట్టనిలువు కొండ, ముందు సరస్సు. రైలు ఆవలి ఒడ్డున ఆగుతుంది, అక్కడి నుండి పడవ ఎక్కాలి. 1890 దాకా ఆ ఊరికి సరియైన రోడ్డే లేదు. జనము ఎనిమిది వందలకు లోపు. మన డర్బన్‌లో రెండు వీధులకు చాలరు.

ఇంత చిన్న ఊరి పేరు చరిత్ర పుస్తకాలకు ఎక్కడానికి కారణము ఉప్పు. కొండ లోపల ఉప్పు తవ్విన గనిలో ఒక కొయ్య మెట్ల వరుస దొరికింది. ఆ కొయ్య క్రీస్తుకు పూర్వము 1344 నాటిది. ఉప్పులో ఉండబట్టి కుళ్ళలేదు. 1846 నుండి 1863 వరకు రామ్‌సౌవర్ అనే గని అధికారి అక్కడ 980 ప్రాచీన సమాధులను తవ్వించి, వాటికి రంగుల బొమ్మలు వేయించాడు. అందుచేతనే ఐరోపాలో తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరు పెట్టారు.

1734లో గని లోపల ఉప్పుతో బిగిసిపోయిన ఒక పాతకాలపు మనిషి శవము బయటపడింది. అదే సంవత్సరము బ్రతికి ఉన్న మనుషులను ఆ ప్రాంతము నుండి వెళ్ళగొట్టడం మొదలయింది. గని పనివారిలో చాలామంది లూథర్ మతస్థులు, చక్రవర్తి ఆరవ చార్లెస్ కేథలిక్. మతము విడువని కుటుంబాలను దూరాన ట్రాన్సిల్వేనియాకు పంపించారు. అక్కడ వారికి లాండ్లర్లు అని పేరు వచ్చింది. మూడే మూడు గ్రామాలలో ఉండి, రెండు వందల యేండ్లకు పైగా తమ యాస నిలుపుకొన్నారు. మనము మూడు తరాలకే బడి పెట్టుకొని నేర్చుకొంటున్నాము. 1990 తరువాత వారిలో చాలామంది జర్మనీకి వెళ్ళిపోయారు. ఇంటి వద్ద మిగిలిన లూథర్ మతస్థులకు 1781లో అనుమతి వచ్చింది. హాల్‌స్టాట్ బొమ్మలన్నిటిలో నీటి ఒడ్డున కనబడే సన్నని గోపురము 1863లో వారు కట్టుకొన్న గుడిదే. ఈ సంగతి తెలియక అందరూ ఫోటో తీసుకొని పోతారు. నేనూ మొదట అంతే.

కొండ మీది శ్మశానములో చోటు తక్కువ. కొన్నేండ్లకు సమాధి తెరచి, పుర్రెను ఎండలో ఆరబెట్టి, దాని మీద పూలు, ఆకులు చిత్రించి, పేరు, తేదీ వ్రాసి ఒక గదిలో వరుసగా పెట్టేవారు. పన్నెండు వందలకు పైగా ఉన్నాయి, అందులో దాదాపు 610కి రంగులు వేశారు. చూస్తే భయము వేస్తుందనుకొన్నాను, వేయలేదు. ఒక్కొక్క పేరు చదువుతూ చాలాసేపు నిలబడ్డాను. మా నాయనమ్మను ఏ చెరకు తోటలో పూడ్చారో మా ఇంట్లో ఎవరికీ గురుతు లేదు.

ఇంటికి వచ్చి తాతగారి ఓడ చిట్టా నకలు మరల తీశాను. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఒంటి మీది మచ్చ, జిల్లా విశాఖపట్నము, అన్నీ ఉన్నాయి. ఊరి పేరు మాత్రము గుమాస్తా తన చెవికి ఎట్లా వినబడితే అట్లా వ్రాశాడు. నేను దానిని మూడు విధాలుగా చదివాను. మా అక్క నాలుగవది చెబుతున్నది.