పొగగొట్టం మీదికి చట్టం వచ్చిన కథ



దమ్ము చక్రాలు కట్టిన ట్రాక్టరు మడిలో దిగబడి, ఒక్క ఊపున పైకి లేచేటప్పుడు పొగగొట్టంలోంచి నల్లపొగ గుప్పున లేస్తుంది. "అబ్బ! బండి యేం లాగుతోంది!" అని గట్టుమీద నిలబడ్డవాళ్లు మెచ్చుకోవడం మన కృష్ణా డెల్టాలో పాత అలవాటు. నిజానికి ఆ నలుపు బలం కాదు. పూర్తిగా మండక మసియై పోతున్న డీజిలు అది. రైతు జేబులోంచి పోయే రూపాయే గాలిలో కలుస్తున్నదన్నమాట. ఆ మసికి చట్టం యెప్పుడు అడ్డు పడింది, ఇప్పుడు కొత్త బళ్లకు అమర్చి వస్తున్న సరంజామాను పీకించితే యెవరి మెడకు చుట్టుకుంటుంది అన్నది ఈనాటి విషయం.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీతో మొదలైనది. 1960లో మద్రాసులో టాఫే, 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా వచ్చినవి. ఇక్కడ ప్రకాశం బారేజీ 1957లో పూర్తయింది. బెజవాడలో జవహర్ ఆటోనగర్ కూడా 1960లలో పుట్టినదే. బందరు రోడ్డున పటమట దాటగానే కనబడే ఆ షెడ్లలో లారీ బాడీ కట్టడం దగ్గర నుంచి క్రాంకు గ్రైండింగు, బోరింగు, పంపు క్యాలిబ్రేషను దాకా జరగని పని లేదు. కంపెనీవాడు "ఇక లాభం లేదు, కొత్తది వేసుకోండి" అన్న ఇంజనును మన మేస్త్రీలు చెవితో విని బాగుచేసి పంపిన సందర్భాలు యెన్నో. ఆ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే ఒక అలవాటు కూడా ఆ రోజుల్లోనే పాతుకున్నది. డీజిలు పంపుకు కంపెనీవాళ్లు సీలు వేసి పంపుతారు. ఆ సీలు తెంచి, స్క్రూ కొంచెం తిప్పితే నాజిల్‌కు డీజిలు యెక్కువ వెళుతుంది, బండి కాస్త యెక్కువ లాగుతుంది. దానితో పాటు పొగా పెరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పిస్టన్లు ముందుగా అరుగుతవి. ఇది ఒక్క ఆటోనగరులో పుట్టిన విద్య కాదు లెండి. డీజిలు ఇంజను వున్న ప్రతి దేశంలోనూ వుంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం క్రింద ట్రాక్టరు పొగలో మసి యిన్ని గ్రాములకు మించరాదనే కొలత లేదు గనుక యెవరూ పట్టించుకోలేదు.

ఆ తరువాత కాలం మారింది. 1981లో గాలి కాలుష్య నివారణ చట్టం, 1984 భోపాల్ ఘోరం తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం, 1989లో దాని నిబంధనలు వరుసగా వచ్చినవి. ఆ నిబంధనలలో 115-ఎ అన్నది ట్రాక్టర్ల పొగ కోసమే ప్రత్యేకంగా చేరినది. మొదటి మెట్టు 1999 అక్టోబరులో, రెండవది 2003లో, మూడవది 2005లో, మూడు-ఎ 2010, 2011లలో అమలుకు వచ్చినవి. ఈ మెట్లకు 'ట్రెమ్' అని పేరు. మూడు-ఎ వరకు పంపు, నాజిలు, గాలి దారి సవరించి కంపెనీలు నెగ్గుకొచ్చినవి. కొన్ని బళ్లకు ఈజీఆర్ అనే వాల్వు పెట్టారు. బయటికి పోయే పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపి, మంట వేడి తగ్గించి, నైట్రోజన్ విషవాయువులు పుట్టకుండా చూడటం దాని పని.

అసలు పెద్ద మార్పు 2023 జనవరి 1న వచ్చినది. అంతకు ముందు రెండేళ్లకు పైగా వాయిదా పడుతూ వచ్చిన నాలుగవ మెట్టు, సుమారు 50 గుర్రాల శక్తి దాటిన ట్రాక్టర్లకు ఆ రోజు నుంచి అమలైనది. అంతవరకు ఆ తరగతి ఇంజనుకు ఒక కిలోవాట్ గంటకు 0.4 గ్రాముల దాకా మసి వదిలే వీలుండేది, ఇప్పుడది 0.025 గ్రాములు. అంటే పదహారవ వంతు! దీనికి స్క్రూ తిప్పితే చాలదు. కంప్యూటరు నడిపే కామన్‌రైలు పంపు, సెన్సార్లు, మసిని పట్టే డీపీఎఫ్ వడపోత డబ్బా కావలసి వచ్చినవి. 2020 ఏప్రిల్ నుంచి గంధకం బాగా తగ్గించిన బి.ఎస్.-6 డీజిలు దేశమంతటా దొరుకుతున్నది గనుకనే ఇది సాధ్యమైనది. కిరోసిను కలిపిన డీజిలు పోస్తే మాత్రం ఈ సరంజామా ముందుగా మూలపడుతుంది.

సుమారు 75 గుర్రాలు దాటిన ఇంజన్లలో సాధారణంగా యూరియా ద్రావణం కూడా పోయవలసి వుంటుంది. దానిలో యూరియా నూటికి 32.5 పాళ్లు. "మన బస్తా యూరియా నీళ్లలో కలిపి పోస్తే పోలా?" అని అడిగేవారున్నారు. పోయకూడదు. 2015 నుంచి పంట యూరియా అంతా వేపనూనె పూతతో వస్తున్నది; అది ఆ యంత్రాన్ని పాడుచేస్తుంది. పైగా సబ్సిడీ యూరియాను పంటకు కాక వేరే పనికి మళ్లించడం యెరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద నేరం.

మన ప్రాంతంలో చాలా ట్రాక్టర్లు 50 గుర్రాల లోపువే. వాటికి వడపోత డబ్బా సాధారణంగా వుండదు. పెద్ద బళ్లు కొన్నవారి బాధ మాత్రం ఉత్తదేమీ కాదు. బండి తక్కువ బరువుతో యెక్కువసేపు తిరిగితే డబ్బా వేడెక్కదు, మసి పేరుకుంటుంది. దీపం వెలుగుతుంది, బండి నీరసిస్తుంది. దాళ్వా నాట్ల రోజుల్లో రెండు రోజులు బండి ఆగితే రైతు గతేమిటి? అప్పుడు యెవరో ఒకరు చెబుతారు: "డబ్బా లోపలిది తీసేద్దాం, ఈజీఆర్‌కు రేకు వేసేద్దాం, కంప్యూటరులో లెక్క మార్చేద్దాం, మళ్లీ గొడవుండదు" అని.

గొడవ అక్కడే మొదలవుతుంది. 1988 చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్.సి.లోని వివరాలకు తేడా వచ్చేటట్లు యజమాని బండిని మార్చరాదు. ఈ మధ్య ఇస్తున్న ఆర్.సి.లలో పొగ ప్రమాణం కూడా వ్రాసి వుంటుంది. ఒకసారి తీసి చూడండి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. అది పొగ వ్యాజ్యం కాదు గాని, కంపెనీ నిర్దేశానికి విరుద్ధంగా బండిని మార్చరాదన్న సూత్రం అందరికీ వర్తిస్తుంది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి 182-ఎ సెక్షను చేర్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని అందులో వున్నది. 'ఒక్కొక్క మార్పుకు' అన్న మాట గమనించండి. డబ్బా ఒకటి, వాల్వు ఒకటి, కంప్యూటరు ఒకటి అని లెక్కకట్టే వీలుంది. అక్కడ వ్రాసినది యజమాని అని. రేకు వేసిన మేస్త్రీ అని కాదు.

"నా పొలంలో నా బండి, యెవరడుగుతారు?" అనవచ్చు. గట్టు దిగి ధాన్యపు ట్రక్కుతో మిల్లుకు పోవాలంటే రోడ్డెక్కాలి కదా. పొగ ప్రమాణాలు తప్పిన బండిని బహిరంగ స్థలంలో నడిపితే 190వ సెక్షను క్రింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా ఖైదు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత అని ఆ సవరణలోనే వున్నది. వారంటీ మాట వేరే చెప్పాలా? ప్రమాదం జరిగితే బీమావారు ఈ మార్పును చూపి పేచీ పెట్టవచ్చు.

ఈ తీసివేతలు అమెరికాలోనూ పెద్దయెత్తున జరిగినవి. అక్కడ పదేళ్లలో అయిదున్నర లక్షలకు పైగా డీజిలు పికప్ బళ్లకు ఈ సరంజామా తీసివేశారని వారి పర్యావరణ సంస్థ 2020లో అంచనా కట్టింది. మేస్త్రీలేనా, కంపెనీలూ ఆ పని చేసినవి. 1998లో యేడు డీజిలు ఇంజన్ల కంపెనీలు, పరీక్షలో ఒకలాగా రోడ్డుమీద మరొకలాగా నడిచే కంప్యూటర్లు అమర్చినందుకు 8 కోట్ల 34 లక్షల డాలర్ల అపరాధం కట్టినవి. ఇక డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆ పొగను అందరికంటె ముందు పీల్చేది సీటు మీద కూర్చున్న మనిషే.

మరి చెడితే యేం చేయాలి? నా అభిప్రాయంలో తప్పంతా రైతు మీద, మేస్త్రీ మీద వేయడం న్యాయం కాదు. సెన్సారు యెందుకు కూస్తున్నదో చెప్పే పరికరం డీలరు దగ్గరే వుంచుకుంటే ఆటోనగర్ మేస్త్రీ మాత్రం యేం చేయగలడు? బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో వేసిన కమిటీ పరిశీలించవలసిన రంగాలలో వ్యవసాయ యంత్రాలు కూడా వున్నవి. విస్తరణ సిబ్బంది ఈ సంగతి గ్రామ సమావేశాలలో చెప్పి, రైతుల ఫిర్యాదులను కాగితం మీద పెట్టించాలి.

ఈలోగా దీపం వెలిగిన రోజునే, పుస్తకంలో చెప్పిన ప్రకారం, డబ్బాలోని మసిని కాల్చే పని జరగనివ్వండి. మధ్యలో ఇంజను ఆపకండి. ఆ సమయంలో పొగగొట్టం విపరీతంగా కాలిపోతుంది గనుక వరిగడ్డి వాముకు, కళ్లానికి దూరంగా నిలపండి. పాత బండి కొనేటప్పుడు ఆర్.సి. చేత పట్టుకుని, ఆ డబ్బా లోపల సరుకుందో వట్టి డొల్లో మేస్త్రీ చేత చూపించండి. రిపేరు చేయించిన ప్రతిసారీ యే భాగం మార్చారో బిల్లు మీద వ్రాయించుకుని, ఆర్.సి.తో పాటు దాచండి.