బడిపిల్లలకు వ్యాపారవిద్య

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల యెదుట బయలుదేరి తార్నాక కూడలి చేరుటకు నాబోటి నిదానపు నడకవానికి అరగంట పట్టును. ఆ అరగంటలో రెండు లోకములు కానవచ్చును. ఈ కొనను గులాబిచాయ రాతితో కట్టిన గంభీరమైన విద్యామందిరము. ఆ కొనను పండ్లబండ్లు, పాతపుస్తకముల అంగళ్లు, బజ్జీల మూకుళ్లు, మెట్రో రైలు స్తంభముల నీడను సాగు బేరసారములు. నడుమ దారిలో సంచులు వీపున దగిలించుకొని హైస్కూలు పిల్లలు పోవుచుందురు. మందిరములోని విద్యకు వారిని సిద్ధపరచుటకై మనము పండ్రెండేండ్లు పాటుపడుచున్నాము. కూడలిలోని విద్యను మాత్రము వారంతట వారే నేర్చుకొందురులే యని విడిచిపెట్టితిమి.

వ్యాపారము బడిలో నేర్పదగినదా, నేర్పినచో నేమి నేర్పవలెను అను ప్రశ్న నేడు తరచుగా వినబడుచున్నది. ఇది విదేశములనుండి నిన్నమొన్న వచ్చిన వింతయని పలువురి తలంపు. చరిత్ర చూచిన నాకట్లు తోచదు.

1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. నేటి అనంతపురపు సీమ అప్పుడు బళ్లారిలోనిదే. ఆయన లెక్కకు 533 బడులు వచ్చినవి. వానిలో 235 కన్నడము, 226 తెలుగు నేర్పునవి. పిల్లవానిని ఐదవయేట బడిలో వేయుదురు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించెదరు. పిదప ఎక్కములు, భిన్నములు. ఆపైన ఉత్తరములు, అర్జీలు, పత్రములు చదువుట, వ్రాయుట. సేద్యపు లెక్కలు, వర్తకపు లెక్కలు. వీసమన పదునారవ వంతనియు, పరక యన ఎనిమిదవ వంతనియు, పాతిక యన నాలవ వంతనియు నోటికి వచ్చిన పిల్లవానిని అంగడిలో మోసగించుట కష్టము. అనగా నేడు మనము క్రొత్తగా చేర్పదలచిన పాఠము ఆ వీథిబడులలో నడిమిపాఠమై యుండెను.

ఆ బడులు స్వర్గములని నేననను. పద్యములను అర్థమెరుగకయే వల్లించుచుండిరని క్యాంబెల్ ఆక్షేపించెను. చదువువారు 6,641 మందిలో బాలికలు 60 మందియే. ఎన్నియో కులములవారికి ఆ అరుగుమీదికి ఎక్కు భాగ్యమే లేకుండెను. ఐనను చిట్టా వ్రాయుట చదువులో భాగము కాదను భావము నాటివారికి లేదు. ఆ భావము తరువాత వచ్చినది. బడికి పరమార్థము కచేరీలో కొలువని జనులకు తోచినంతనే, లెక్క యన పరీక్షకు వచ్చు లెక్కయే యైపోయినది.

ఉస్మానియా చరిత్రలో దీని ఛాయ కనబడును. 1917లో నిజాము ఫర్మానా వెలువడెను. 1919లో తరగతులు ఆరంభమయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య చెప్పుట నాటికి మహాసాహసము. అందుకై అనువాదశాఖను నెలకొల్పి శాస్త్రగ్రంథములను ఉరుదూలోనికి తెచ్చిరి. అర్థశాస్త్రాచార్యుడగు ఇలియాస్ బర్నీ ఆ శాస్త్రమును ఉరుదూలో గ్రంథముగా రచించెను. 1934లో ఆర్ట్సు కళాశాలకు శంకుస్థాపన జరిగెను. 1939లో భవనము ప్రారంభమయ్యెను. 1948 తరువాత బోధనాభాష ఇంగ్లీషయ్యెను. ఉరుదూ కాలమునందును, ఇంగ్లీషు కాలమునందును, తెలుగుపిల్లవాడు ధరయు గిరాకియు గూర్చిన సిద్ధాంతమును పరభాషలోనే చదివెను. ధర నిర్ణయించుట మాత్రము మేనమామ దుకాణములో తెలుగున నేర్చెను. మేనమామకు దుకాణము లేనివాడు నేర్వనే లేదు. నాకు ముఖ్యముగా తోచు చిక్కు ఇదియే. వ్యాపారవిద్య బడిలో లేనంతకాలము అది పుట్టుకను బట్టి వచ్చు సొత్తుగనే నిలుచును.

తార్నాక యను పేరునకు కారణము చెప్పుదురు: ఇచట తీగకంచె వేసిన తోటయు, కావలి నాకాయు నుండెనట. ఆ తావునకు చేరువనే 1944లో నిజాము ప్రభుత్వము పరిశ్రమల పరిశోధనకై కేంద్ర ప్రయోగశాలలను స్థాపించెను. అవియే 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగను, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగను పేరు మార్చుకొన్నవి. దాని అధ్యక్షుడై పనిచేసిన ఏ. వి. రామారావుగారు 1995లో, అరువదవయేట, పదవి విడిచి అవ్రా ప్రయోగశాలలను నెలకొల్పిరి. కొలువు ముగిసిన వయస్సున వ్యాపారమునకు పూనుకొనుట కొనియాడదగినదే. ఐనను అందరికిని అంతటి శాస్త్రమును అంతటి పలుకుబడియు నుండవు గదా! సామాన్యునికి ఆ పూనిక కలిగించుట యెట్లు?

ఈ ప్రశ్నకు మన నగరముననే ఒక గొప్ప పరీక్ష జరిగినది. చిన్నపరిశ్రమలవారికి శిక్షణ నిచ్చు సంస్థ 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదునకు, యూసుఫ్‌గూడకు, వచ్చెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రాచార్యుడగు డేవిడ్ మెక్లెలండు ఆ సంస్థతో గూడి 1964లో కాకినాడ వర్తకులను, చిన్నపరిశ్రమల యజమానులను జట్లుజట్లుగా ఇచటికి రప్పించెను. కాకినాడనుండి 52 మంది వచ్చిరి. తమిళదేశమునందలి వేలూరునుండియు కొందరు వచ్చిరి. పని చక్కగా చేసి మునుపటికంటె మేలుగా సాధింపవలెనను కోరికను ఆయన సాధనేచ్ఛ యనెను. అది పెద్దవారికిని నేర్పుటకు వీలగునని ఆయన వాదము.

శిక్షణ పదిదినములు మొదలు రెండువారముల వరకు సాగెను. అందులో ఉపన్యాసములకంటె ఆటలు, కథలు వ్రాయుట, తమ పనిని గూర్చి తామే ఆలోచించుట మెండు. ఒక ఆట చెప్పెదను. నేలలో మేకు పాతి, దానిపై పడునట్లు వలయములను విసరవలెను. ఎంతదూరమున నిలుచుటయో విసరువాని యిష్టము. కొందరు మేకు ప్రక్కనే నిలుతురు. తప్పదు, కాని గొప్పయును లేదు. కొందరు చాలదూరము పోయి అదృష్టమును నమ్ముకొందురు. సాధనేచ్ఛ గలవాడు నడిమిదూరమున నిలుచును. గురి తప్పిన అడుగు ముందునకును, తగిలిన అడుగు వెనుకకును జరుగును. అప్పు తెచ్చి అంగడి పెట్టువాడు చేయవలసినదియు ఇదియే గదా!

ఫలితములను 1969లో మెక్లెలండు, వింటరు అనువారు గ్రంథముగా వెలువరించిరి. శిక్షణ పొందినవారు అటుపై రెండేండ్లలో, పొందనివారికంటె ఎక్కువగా క్రొత్త వ్యాపారములకు దిగిరి. ఎక్కువ మూలధనము పెట్టిరి. ఎక్కువమందికి పని చూపిరి. నాకు నచ్చిన విషయము మరియొకటి. పాత ఆచారములను, నమ్మకములను పాటించుట ఈ పూనికకు అడ్డు కాలేదని తేలెను. బొట్టు పెట్టుకొని వర్జ్యము చూచుకొను కాకినాడ వర్తకుడు టై కట్టిన వానికి తీసిపోలేదన్నమాట.

మెక్లెలండునకు బడిపిల్లల యెడ దృష్టి ముందునుండియు కలదు. 1961లో వెలువరించిన గ్రంథమున, పెక్కుదేశముల వాచకములలోని కథలను తూచి, ఏ దేశము తన పిల్లలకు ఎట్టి కోరికలను బోధించుచున్నదో చూచెను. మన దేశమున ప్రయాగ్ మెహతాగారు హైస్కూలు బాలురయందు ఈ సాధనేచ్ఛను పరిశీలించి వ్రాసిన గ్రంథమును జాతీయ విద్యాపరిశోధన, శిక్షణ మండలి 1969లో ప్రచురించెను. అమెరికా హైస్కూళ్లలోను ఇట్టి శిక్షణ నిచ్చి చూచిరి. మార్కులు పెద్దగా పెరుగలేదు. బడివెలుపల తమ కాలమును, పనులను తీర్చుకొనుటయందే మార్పు ఎక్కువగా కనబడెను. మార్కులు పెరుగని చదువును మన తలిదండ్రులు ఒప్పుకొందురా యన్నది వేరుమాట.

ఇచట కొంత వెనుకకు మరలవలెను. బడిలో వస్తువులు చేసి అమ్ముట మనకు గాంధీగారి నాటిదే. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సభయందు, పిల్లల చేతిపనివలన వచ్చు రాబడితో ఉపాధ్యాయుని జీతము గడవవలెనని ఆయన ప్రతిపాదించెను. పిల్లల సరకు పేద పనివాని సరకుతో పోటీపడదా యని ఆచార్య కె. టి. షా అడిగెను. ప్రణాళిక తయారుచేసిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుస్సేన్. 1897లో మన హైదరాబాదులోనే జన్మించినవాడు. రాబడిపైననే దృష్టి నిలిపినచో ఉపాధ్యాయుడు పిల్లలచేత వెట్టి చేయించువాడగునని ఆయనయు హెచ్చరించెను. ఆ హెచ్చరిక నేటికిని చెల్లును. బడికి లాభము రావలెనని అమ్మించుట ఒకటి, పిల్లవానికి తెలివి రావలెనని అమ్మించుట మరియొకటి.

అమెరికాలో 1919లో, అనగా ఉస్మానియాలో తరగతులు మొదలైన యేడే, జూనియర్ అచీవ్‌మెంటు అను సంస్థ పుట్టి పిల్లలచేత చిన్నచిన్న కంపెనీలను నడిపించెను. ఢిల్లీలో 2019లో తొమ్మిది మొదలు పండ్రెండు వరకు ప్రభుత్వపాఠశాలలలో ఈ విద్యకు పీరియడు ఏర్పరచిరి. 2021లో పై రెండు తరగతుల విద్యార్థులకు తలకు 2,000 రూపాయలు మొదలు పెట్టుబడిగా ఇచ్చిరి. సొమ్మిచ్చుట మంచిదే. కాని సొమ్ముతోగూడ చిట్టాయు నీయవలెను.

ఏల యందురా? ఇద్దరు బాలికలు స్నాతకోత్సవమునాడు విశ్వవిద్యాలయమున నిమ్మరసము అమ్మదలచిరనుకొందము. నిమ్మపండ్లకు 160, చక్కెరకు 60, మంచుగడ్డకు 80, గ్లాసులకు 100, మొత్తము 400 రూపాయలు. అరువది గ్లాసులు, గ్లాసు 10 రూపాయలు. 600 వచ్చును, 200 మిగులునని వారి సంతోషము. సాయంకాలమునకు అమ్మినవి 48. స్నేహితురాండ్రకు ఊరకే ఇచ్చినవి ఏడు, పారబోసినవి ఐదు. బిందె అద్దె 50 ముందుగా తలపునకు రాలేదు. వచ్చినది 480, పోయినది 450, మిగిలినది 30. ఇద్దరును నాలుగేసి గంటలు నిలిచిరి. గంటకు నాలుగు రూపాయలైనను గిట్టలేదు! ఈ కాగితమును వారిచేత తెలుగున వ్రాయించి, మరునాడు ఏమి మార్తురో చెప్పుమన్నచో, ఒక్క గంటలో మూడునెలల పాఠము నడచును. ఒకతె ధర పెంచుదమనును, ఒకతె మంచు తగ్గింతమనును. మూడవ పిల్ల లేచి, స్నాతకోత్సవమునాడు కాక పరీక్షలనాడు అమ్ముదమనును.

లెక్క చెప్పు అయ్యవారు ఈ పాఠము తన పాఠ్యక్రమములోనిది కాదనవచ్చును. సాంఘికశాస్త్రపు అమ్మగారును అట్లే అనవచ్చును. అందుకే హైదరాబాదులోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు ముందు తమ విద్యార్థులచేత వలయములు విసరించి, పిదప తార్నాక కూడలిలో ఒక సాయంకాలము బండిప్రక్కన నిలిపి, ఆ బండివాని అనుమతితో ఆనాటి చిట్టా వ్రాయింపవలెనని నేను కోరుచున్నాను. మేకునకును, వలయములకును అయ్యెడి ఖర్చు ఒక దస్తా కాగితముల వెలకు మించదు.